పాత కారుని రిస్టోర్ చేయించాలా, ఉన్నదున్నట్టు ఉంచుకోవాలా? తేల్చుకోవడం ఎలా?

పాత కారు చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, షెడ్డులో పడేసి పెయింటంతా గీకించేయడం. అద్దంలా మెరిసే కారు వస్తుంది, నిజమే. కానీ ఫ్యాక్టరీలో వేసిన రంగు, అప్పటి కుట్టుతో ఉన్న సీట్లు, వాడి వాడి నునుపెక్కిన స్టీరింగ్ అన్నీ పోయాక వస్తుంది. నా మొదటి కారుకి నేనూ ఇదే చేశాను. మూడో రోజు గీకుతుంటే ఒకచోట పై రంగు పెచ్చులుగా లేచి, కింద అసలు రంగు చెక్కుచెదరకుండా బయటపడింది. అప్పటికే సగం కారు రేకు తేలిపోయింది. కాబట్టి తేల్చుకునేదాకా ఉప్పుకాగితం ముట్టుకోకండి.

1. సామాను

టార్చి, చిన్న అయస్కాంతం, మొన అరిగిన స్క్రూడ్రైవర్, జాకీ, స్టాండ్లు, ఫోన్ కెమెరా. పెయింటు మందం కొలిచే మీటర్ ఎవరిదగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. ఒట్టి జాకీ మీద నిలిపిన కారు కింద దూరేవాళ్లకి నేను సలహాలివ్వను.

2. ఫోటోలు, కడగడం, నంబర్లు

కడగకముందే నాలుగు వైపులా, లోపల, కింద ఫోటోలు తీయండి. తర్వాత బకెట్ నీళ్లతో, చేత్తో కడగండి. ప్రెషర్ వాషర్ వద్దే వద్దు. ఎండి పగిలిన బీడింగుల్లోంచి నీళ్లు తలుపుల్లోకి దిగుతాయి, లేచిన పెయింటు ఊడిపోతుంది. ఆరాక తెల్లగుడ్డకి కాస్త పాలిష్ రాసి ఒక మూల రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటితే పైన క్లియర్ కోటు, అంటే రంగులేని మెరుపు పూత, లేని పాతకాలపు పెయింటని అర్థం. అసలుదేనని రుజువు కాదు గానీ మంచి సూచన. ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ కాగితాలతో సరిచూసుకోండి. పుట్టినప్పటి ఇంజనే ఉంటే కాపాడుకోవడం వైపు ఒక మార్కు వేసుకోండి.

3. తుప్పు చూడటం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. పైకి ఎర్రగా కనిపించిన ప్రతిదాన్నీ చూసి టెన్షన్ పడి మొత్తం రిస్టోర్ చేయించేస్తారు. లేదంటే పై మెరుపు చూసి మురిసిపోయి, లోపల గుల్లయిన కారుని 'ఒరిజినల్' అని దాచుకుంటారు. పైన పటారం, లోన లొటారం.

బానెట్ మీద రంగు అరిగి పలుచగా పట్టిన తుప్పుని వేలితో రుద్దండి. పొడి అంటి, కింద గట్టి రేకు తగిలితే అది వయసు, జబ్బు కాదు. తుడిచి మైనం పట్టిస్తే చాలు. పెయింటు కింద బుడగలు లేచాయంటే మాత్రం జాగ్రత్త. తుప్పు చాలావరకు లోపలి నుంచి బయటికి తింటూ వచ్చిందని అర్థం. ఇనుము తుప్పుగా మారితే ముందున్నదానికి కొన్ని రెట్లు చోటు ఆక్రమిస్తుంది, అందుకే పెయింటుని పైకి తోస్తుంది. బయట చిన్న బుడగంత కనిపిస్తే లోపల అరచేయంత ఉండొచ్చు.

చూడాల్సినవి కనిపించని చోట్లే. తలుపుల కింద పట్టీలు, కార్పెట్ కింద ఫ్లోరు, స్టెప్నీ గుంట, బ్యాటరీ ట్రే, ముందు అద్దం కింది మూలలు, స్ప్రింగులు ఛాసిస్‌కి బిగించే చోట్లు. ముందు స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన చోట మొనతో నొక్కండి, పొడవకండి. కసితీరా పొడిచి బాగున్న రేకుకి బొక్కలు పెట్టినవాళ్లని చూశాను. తారులాంటి పూత ఉన్నచోట రెండుసార్లు చూడండి, దాని కింద నీరు చిక్కుకుని ఏళ్ల తరబడి తింటుంది.

అయస్కాంతం పట్టనిచోట పుట్టీ ఉన్నట్టు. అల్యూమినియం, ఫైబర్ బాడీలకి ఈ పరీక్ష పనికిరాదు. మీటర్ ఉంటే ఇంకా మేలు. ఇనుప రేకు మీద ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మధ్య ఉంటుంది, 300 దాటితే మళ్లీ వేశారని అనుమానించాలి, వెయ్యి దాటితే పుట్టీయే. ఒక్కచోట కొలిచి తీర్పు చెప్పకండి, ఒక్కో ప్యానెల్ మీద కనీసం ఐదు చోట్ల చూడండి.

చివరి పరీక్ష. రేకు మెత్తబడని చోట చూసి, తలుపులు మూసి, ఒక పక్క పట్టీ కింద జాకీ పెట్టి నెమ్మదిగా లేపండి. తలుపు సందు మారినా, తలుపు బిగుసుకున్నా బాడీ బలం పోయినట్టే. దించేసి, ఆ కారుని నడపకండి.

4. బ్రేకులు, టైర్లు

ఇవి ఈ లెక్కలోకి రావు, ఎలాగూ మార్చాల్సిందే. పాత బ్రేక్ గొట్టాలు, పెట్రోల్ గొట్టాలు ఉంచుకోవడం కాపాడటం కాదు, పిచ్చితనం. 2000 తర్వాత చేసిన టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పదేళ్లు దాటితే గాడి ఎంత లోతున్నా తీసేయండి.

5. తీర్పు

నా లెక్క ఇది. పైపెయింటులో సగానికి మించి అసలుదై, లోపలి సీట్లు చిరిగినా పూర్తిగా పోకుండా ఉండి, బలమిచ్చే చోట్ల, అంటే పట్టీలు, ఫ్లోరు, స్ప్రింగులు బిగించే చోట్ల, తుప్పు తినకపోతే, ముట్టుకోకండి. శుభ్రం చేసి, రేకుల లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా మైనం కొట్టి నడుపుకోండి. బలమిచ్చే చోట్లు పోయి, రంగు ఎప్పుడో మారిపోయి, భాగాలు సగం వేరే కార్లవైతే నిస్సంకోచంగా రిస్టోర్ చేయించండి. అక్కడ కాపాడటానికేం మిగల్లేదు.

ఎక్కువ కార్లు ఈ రెండింటి మధ్య ఉంటాయి. కుళ్లిన రేకుని మాత్రమే కోసి కొత్తది అతికించి, అక్కడికే పెయింటు వేయించండి. 'రంగు కలవదు సార్, మొత్తం కొట్టేద్దాం' అనే పెయింటరు తప్పకుండా దొరుకుతాడు, ఒప్పుకోకండి. కాస్త తేడా కనిపించినా పర్వాలేదు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా రాసుకున్న సూత్రాల పత్రం, టురిన్ చార్టర్ కూడా జోక్యం తక్కువగా ఉండాలని, చేసిన మార్పులు నమోదు చేయాలని చెబుతుంది. నేను అది చదవకముందు నుంచే ఇలా చేస్తున్నాను, అది వేరే సంగతి.

తీసేసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి, తేదీ వేసి, పెట్టెలో దాచండి, చిరిగిన సీటు గుడ్డ సహా.