బ్యాంకాక్‌లో ఒంటరిగా లేఓవర్: ఊళ్లోకి అడుగుపెట్టే ముందు

లేఓవర్ (ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కేదాకా మధ్యలో ఉండే ఆగుడు) పది గంటలుందంటే ఊరు చూడటానికి పది గంటలున్నట్టు కాదు. లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి. తర్వాతి విమానానికి మూడు గంటల ముందు సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఊళ్లోంచి తిరిగి రావడానికి గంటన్నర వేసుకోండి. దిగిన తర్వాత ఇమ్మిగ్రేషన్ క్యూకి, ఊళ్లోకి చేరడానికి కలిపి రెండు గంటలు ఇట్టే పోతాయి. ఇక చేతిలో మిగిలేది మూడున్నర గంటలే. ఏడు గంటల లోపు లేఓవర్ అయితే ఎయిర్‌పోర్టులోనే కాళ్లు చాపుకుని కూర్చోవడం మేలని నా అభిప్రాయం.

టికెట్ కొనేటప్పుడే విమానాశ్రయాల పేర్లు సరిచూసుకోండి. బ్యాంకాక్‌కి రెండున్నాయి. సువర్ణభూమిలో దిగి డాన్ మువాంగ్ నుంచి ఎక్కాల్సి వస్తే, మధ్యలో ఊరు చూడాలన్న ఆశ వదులుకోండి. రెండు విమానాలకీ విడివిడిగా టికెట్లు కొన్నవాళ్లు సాధారణంగా సామాను తామే తీసుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాలి. ఆలస్యమై రెండో విమానం తప్పిపోతే ఆ నష్టం చాలాసార్లు మనదే.

ఊళ్లోకి వెళ్లడమంటే థాయిలాండ్‌లో ప్రవేశించడమే. భారత పాస్‌పోర్టుకి వీసా నిబంధనలు ఈమధ్య మారుతూ వచ్చాయి. పాత వీడియోలు చూసి బయల్దేరకుండా థాయ్ ఎంబసీ సైట్‌లో చూసుకోండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు (దేశంలోకి వచ్చేవాళ్లు నింపే ఫారం) కూడా ఉండాలి. దాన్ని థాయిలాండ్ చేరడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, పైసా ఖర్చు లేదు. డబ్బు కట్టమనే సైట్ ప్రభుత్వానిది కాదు.

బ్యాగు ఎయిర్‌పోర్టు లగేజీ కౌంటర్లో పెట్టేసి రైలెక్కండి. ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ టెర్మినల్ బేస్‌మెంట్ నుంచే బయల్దేరుతుంది. చివరి స్టేషన్ ఫయా థాయ్‌కి దాదాపు అరగంట. టాక్సీ హాయిగా ఉంటుంది కానీ ఇక్కడి ట్రాఫిక్‌ని నమ్ముకుని విమానం పట్టుకోలేం. ఎక్కాల్సే వస్తే మీటర్ వేయమనండి. టోల్ మనమే కట్టాలి.

ఒక్క చోటు ఎంచుకోండి. నన్నడిగితే గ్రాండ్ ప్యాలెస్ వదిలేసి వాట్ ఫో గుడి చూడమంటాను. ప్యాలెస్‌లో రద్దీ ఎక్కువ, మధ్యాహ్నం మూడున్నరకే టికెట్లు ఆపేస్తారు. వాట్ ఫోలోని శయన బుద్ధుడి పొడవు 46 మీటర్లు, ఆ ఒక్కటీ చూసినా రోజు దండగ కాదు. ఎయిర్‌పోర్ట్ రైల్లో మక్కసాన్ స్టేషన్‌లో దిగి, పక్కనే ఉన్న ఫెచ్చబురి స్టేషన్‌లో ఎంఆర్‌టీ (మెట్రో) బ్లూ లైన్ ఎక్కితే సనాం చాయ్‌లో దిగొచ్చు, గుడి అక్కణ్ణించి నడక దూరమే. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు విమానం ఎక్కేటప్పుడే వేసుకోండి. చేతి బ్యాగులో పల్చటి చున్నీ ఒకటి ఉంటే ఇంకా నయం.

ఇక అసలు జాగ్రత్త ఈ గుళ్ల చుట్టుపక్కలే. నీటుగా ముస్తాబైన ఒకాయన ఎదురొచ్చి, చక్కటి ఇంగ్లీషులో "ఇవాళ పూజ ఉంది, మధ్యాహ్నం దాకా మూసేశారు" అంటాడు. ఈలోగా ఇంకో గుడి చూసి రండి అంటూ చవగ్గా తిప్పే టుక్‌టుక్ (అక్కడి ఆటో) కూడా చూపిస్తాడు. అది ఎక్కితే చివరికి తేలేది రత్నాల షాపులోనో, సూట్లు కుట్టే షాపులోనో. డ్రైవర్‌కి కమీషన్, మనకి నాసిరకం రాయి. వాదించక్కర్లేదు, నవ్వి ముందుకు నడవండి. గుడి తెరిచి ఉందో లేదో గేటు దగ్గర మీ కళ్లతో చూసుకోండి. ఒంటరిగా ఉన్నప్పుడు మర్యాదకి పోయి ఆగిపోతాం, వాళ్లకి కావలసింది అదే.

పాస్‌పోర్టు లోపలి జేబులో, దాని ఫొటో ఫోన్లో ఉండాలి. దారి, టికెట్, డబ్బు అన్నీ ఆ ఫోన్లోనే కాబట్టి పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు. అపరిచితులిచ్చే డ్రింక్స్ వద్దు. మోటార్‌బైక్ టాక్సీ కూడా వద్దు, మీ ఇన్సూరెన్స్‌లో అది లేకపోవచ్చు. ఈ-సిగరెట్లు అక్కడ నిషిద్ధం. రాజకుటుంబం మీద సరదాగా కూడా వ్యాఖ్యలు చేయకండి, జైలు దాకా పోతుంది. ఏదైనా తేడా వస్తే టూరిస్ట్ పోలీస్ నంబరు 1155.

మే నుంచి అక్టోబరు దాకా సాయంత్రాలు ఒక్కసారిగా వాన దంచికొడుతుంది, రోడ్లు నీళ్లతో నిండిపోతాయి. ఆ నెలల్లో నాలుగు కాకముందే తిరుగు రైలెక్కేయండి. దారిలో కొన్న బామ్, సాస్ సీసాలు వంద మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, చిన్నవే తీసుకోండి.