కారు మీద జిగురా? పైనున్న కొబ్బరి మట్ట చూడండి

సమస్య: పటమటలో మా కారు కొబ్బరిచెట్టు కింద పెడతాం. పొద్దున్నే అద్దం తుడిస్తే గుడ్డ అతుక్కుపోయేది. కడిగిన రెండు రోజులకు మళ్లీ అంతే. పక్కింటి పెద్దాయన "చెట్టు కల్లు కారుస్తోందండీ" అన్నారు. కొన్నాళ్లు నమ్మాను కూడా!

కారణం: సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికా ప్రాంతపు పురుగు. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరితోటల్లో బయటపడింది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తూ తేనెలాంటి జిగురు వదులుతుంది. కారు మీద పడేది అదే.

రూఢి చేసుకోవాలంటే కింది మట్ట ఒకటి కోయించి తిరగేయండి. చిన్నపిల్లలు ముగ్గు నేర్చుకుంటూ తిప్పినట్టు తెల్లటి మైనపు సుడులుంటాయి. గుడ్లు అందులోనే. మట్ట దులిపితే దోమలు పిండి రేగినట్టు లేస్తాయి. పెరట్లో జామ, అరటి ఉంటే వాటి ఆకులూ చూడండి.

సమస్య: ఆకుల మీద నల్లటి మసి.
ఆ జిగురు మీద పెరిగే బూజు అది, ఆకు కుళ్లడం కాదు. లీటరు నీటికి 10 గ్రాముల మైదాతో పలచగా గంజి కాచి, చల్లారాక పిచికారీ చేస్తే, ఎండిన గంజితోపాటు మసి పొరలుగా ఊడొస్తుంది.

సమస్య: మందు కొట్టించాం, నెల తిరక్కుండా ఇంకా ఎక్కువైంది.
నేను చేసిన తప్పు ఇదే. ఘాటు పురుగుమందు దోమతోపాటు ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగనూ చంపుతుంది. అది తెల్లదోమ పిల్లల్లోనే గుడ్లు పెట్టి వాటిని లోపలినుంచి తినేసే మన పక్షం పురుగు. అందుకే ముందు ఆకు అడుగున తెల్లదోమ పిల్లల ఖాళీ డొల్లలు భూతద్దంతో చూడండి. ఇంగ్లిషు 'టీ' అక్షరంలా పగిలి ఉంటే అందులోంచి దోమ ఎగిరిపోయినట్టు. గుండ్రటి చిల్లు ఉంటే కందిరీగ బయటికొచ్చినట్టు. చిల్లులు బాగా కనిపిస్తుంటే మందు జోలికి పోకండి. లేకపోతే సాయంత్రం పూట లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టించండి. మాను చుట్టూ ఆముదం రాసిన పసుపు పచ్చ షీటు కడితే దోమలు అంటుకుంటాయి.

పదిహేను రోజులకోసారి ఒకే ఎత్తు మట్టలో నాలుగు ఆకులు తిరగేసి, సుడులెన్నో, చిల్లులెన్నో వంటింటి క్యాలెండర్ మీద రాస్తున్నాను. వానలకు సుడులు తగ్గుతాయి, పొడి వాతావరణంలో పెరుగుతాయి. ఈలోగా పురుగున్న మట్టలు పెళ్లి పందిరికని ఎవరైనా అడిగితే ఇవ్వకండి, వాటితోపాటు దోమ కూడా ఇంకో వీధికి వెళ్తుంది.