పాత ట్రయాంగ్ బొమ్మ ఇంజను మొండికేస్తే: సమస్య - పరిష్కారం

డబ్బా తెరిచి పట్టాల మీద పెట్టాం. కంట్రోలర్ (పట్టాలకు కరెంటు పంపి వేగం మార్చే పెట్టె) తిప్పాం. ఉలుకూ పలుకూ లేదు. ఇంగ్లండులో టాయ్ ఫెయిర్లకు వెళ్ళి 1950లు, 60ల నాటి ట్రయాంగ్ (బ్రిటిష్ బొమ్మరైళ్ళ బ్రాండు) ఇంజన్లు కొనేవాళ్ళలో చాలామందికి మొదటిరోజు అనుభవం ఇదే. "మోటారు పోయింది" అని పక్కన పడేయకండి. ఇవి 12 వోల్టుల డీసీతో నడిచే, 16.5 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పట్టాల మీద పోయే మొండి బండ్లు. నా చేతికొచ్చిన వాటిలో నిజంగా కాయిల్ కాలిపోయినవి చాలా తక్కువ. ఎక్కువ జబ్బులకు కారణం మురికి, ఎండిపోయిన నూనె, లేదంటే మనకన్నా ముందు దాన్ని విప్పిన మహానుభావుడు.

ఇక్కడ చెప్పేదంతా ట్రయాంగ్ వాడిన ఎక్స్04 మోటారు గురించి. మొదలుపెట్టే ముందు ఒక మాట: ఇంజనుతో పాటు వచ్చిన పాత కంట్రోలర్‌ని గోడ ప్లగ్గులో పెట్టకండి. లోపలి రబ్బరు వైర్లు పెళుసుబారి ఉంటాయి. కొత్త కంట్రోలర్ వాడండి.

అసలు కదలట్లేదు, చప్పుడు కూడా లేదు

ముందు తప్పు మోటారుదా, మోటారు బయటదా తేల్చుకోవాలి. పై తొడుగు తీసి, వెనక స్క్రూ విప్పితే మోటారు బయటికొస్తుంది. కంట్రోలర్ నుంచి రెండు వైర్లు తెచ్చి నేరుగా రెండు బ్రష్షుల (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కల) పట్టీలకు ఆనించండి. తిరిగితే మోటారు బాగున్నట్టే, తప్పు కరెంటు వచ్చే దారిలో ఉంది. ఈ ఇంజన్లలో ఒక వైపు చక్రాల నుంచి కరెంటు నేరుగా లోహపు ఛాసిస్‌లోకి (చక్రాలు, మోటారు బిగించే అడుగు చట్రం) వస్తుంది. రెండో వైపు చక్రాలకు ఇన్సులేషన్ ఉంటుంది, అక్కడ సన్నటి రాగి పట్టీ ఆనుకుని కరెంటు తీసుకుంటుంది. ఆ పట్టీ వంగిపోయి చక్రానికి తగలకపోవడమే సగం కేసుల్లో తప్పు. పట్టకారుతో కొంచెం వంచితే సరి. గట్టిగా వంచితే అదే బ్రేకులా పట్టేస్తుంది.

కదలట్లేదు, కంట్రోలర్ కట్ అయిపోతోంది

ఇది షార్టు. రెండు బ్రష్షులనూ నొక్కి పట్టేది హెయిర్‌పిన్ లాంటి ఒకే ఒక్క స్ప్రింగు. దాని ఒక కాలికి చిన్న ఇన్సులేషన్ గొట్టం ఉండాలి. రాగి పట్టీ నుంచి వైరు వచ్చే వైపు ఆ గొట్టం ఉన్న కాలే రావాలి. గొట్టం ఊడిపోయినా, స్ప్రింగు తిరగేసి పెట్టినా నేరుగా షార్టే.

నేను కొన్న ఒక చిన్న ట్యాంక్ ఇంజను (నీళ్ళ ట్యాంకు ఇంజను మీదే ఉండే రకం) కథ ఇదే. ఎవరో కొత్త బ్రష్షులు వేసి, గొట్టం ఎక్కడో పోగొట్టి, "మోటారు చెడింది" అని సగం ధరకు అమ్మేశారు. సన్నటి వైరు మీద తొక్క నాలుగు మిల్లీమీటర్లు లాగి స్ప్రింగు కాలికి తొడిగాను. ఖర్చు సున్నా.

ఆగి ఆగి నడుస్తోంది, వేలితో తోస్తే పోతోంది

మురికి. చక్రాల అంచున నల్లటి పొర కడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడవండి (సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో వాడేది ఇదే). గోళ్ళరంగు తుడిచే ద్రావకం మాత్రం వద్దు, అది ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది. గరుకు కాగితమూ వద్దు. గీతలు పడితే మురికి ఇంకా తొందరగా పేరుకుంటుంది.

చక్రాలు మెరుస్తున్నా తడబడుతుంటే కమ్యూటేటర్ చూడండి. మోటారుతో పాటు తిరుగుతూ బ్రష్షులకు ఆనుకునే భాగమది, మూడు ముక్కల రాగి. ముక్కల మధ్య సందుల్లో బ్రష్షుల కార్బన్ పొడి, నూనె కలిసి కాటుకలా పేరుకుంటుంది. టూత్‌పిక్‌తో ఆ సందులు గీకండి, తరవాత రాగిని తుడవండి. సూదితో గీకితే రాగి చెక్కుకుపోతుంది.

పెద్దగా మూలుగుతోంది, నెమ్మదిగా పోతోంది

పాత నూనె జిగురైపోయింది. పాతదంతా తుడిచి, రెండు బేరింగుల దగ్గరా ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె వేయండి. సీసాతో పోయకండి, గుండుసూది మొనతో అంటించండి. ఎక్కువైతే అది నేరుగా కమ్యూటేటర్ మీదికే పోతుంది. మొదట్లో నేను ఇంట్లో ఉన్న కొబ్బరినూనె వేశాను. జనవరి చలికి అది పేరుకుపోయి ఇంజను బిగుసుకుపోయింది. నవ్వుకోండి, ఫరవాలేదు.

వేగంగా తిరుగుతోంది, బోగీలు లాగలేదు, వేడెక్కుతోంది

ఇది కొంచెం లోతైన జబ్బు, చాలామంది పొరబడేదీ ఇక్కడే. అయస్కాంతం బలం తగ్గితే మోటారు ఖాళీగా ఇంకా వేగంగా తిరుగుతుంది, దాంతో "బాగానే ఉందే" అనిపిస్తుంది. నాలుగు బోగీలు తగిలిస్తే చతికిలబడుతుంది. కరెంటు ఎక్కువ తాగుతుంది, చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

ఈ రకం అయస్కాంతాన్ని ఇనుప ముక్క అడ్డం పెట్టకుండా బయటికి తీస్తే బలం పోతుంది. అలా తీశారో లేదో ఎలా తెలుస్తుంది? కుడి పట్టాకు ప్లస్ ఇస్తే ఇంజను ముందుకు పోవాలి. వెనక్కి పోతోందంటే ఎవరో అయస్కాంతం తీసి తిరగేసి పెట్టి ఉంటారు. వెనక్కి పోతూ వేడెక్కుతుంటే నాకిక అనుమానమే ఉండదు. మళ్ళీ అయస్కాంతీకరించే పరికరం ఉన్నవాళ్ళ చేత చేయించుకోవాలి. లేదా చిన్న నియోడిమియం అయస్కాంతం పెట్టి, మిగిలిన ఖాళీని మెత్తటి ఇనుప ముక్కలతో నింపాలి.

అయస్కాంతం బాగుండి కూడా వేడెక్కితే అప్పుడు కాయిల్‌ని అనుమానించండి. బ్రష్షులు తీసేసి, కమ్యూటేటర్ ముక్కల్ని రెండేసి చొప్పున మల్టీమీటర్‌తో కొలవండి. మూడు రీడింగులూ దాదాపు సమానంగా రావాలి. ఒకటి మిగతావాటికి రెట్టింపు వస్తే ఆ జత మధ్య తీగ తెగింది. బాగా తక్కువ వస్తే లోపల షార్టయింది. తెగింది కమ్యూటేటర్ దగ్గర అతుకులోనే అయితే మళ్ళీ టంకం పెట్టి బతికించవచ్చు.

కుంటుతూ నడుస్తోంది

చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే చోట పట్టేస్తే మోటారు జోలికి పోకండి. మోటారు తీసేసి ఛాసిస్‌ని వాలుగా పెట్టిన గాజు పలక మీద వదలండి. హాయిగా జారిపోవాలి. ఆగితే, చక్రాలను కలిపే కడ్డీలు విప్పి మళ్ళీ వదలండి. ఇప్పుడు జారితే ఏదో ఒక చక్రం ఇరుసు మీద తిరిగిపోయిందన్నమాట. ఒక వైపు కడ్డీ తగిలించే పిన్ను పైన ఉంటే రెండో వైపుది సరిగ్గా 90 డిగ్రీల తేడాలో ఉండాలి, అన్ని ఇరుసులకూ అదే లెక్క.

తొలినాళ్ళ ఇంజన్లకు ఇంకో తంటా ఉంది. పై తొడుగు సెల్యులోజ్ అసిటేట్‌తో చేసింది కావడంతో ఏళ్ళు గడిచేకొద్దీ అరటిపండులా వంగి లోపలి భాగాలకు రాసుకుంటుంది. వేడినీళ్ళతో సరిచేద్దామని చూస్తే ఇంకా పాడవుతుంది. రాసుకునే చోట లోపలివైపు కొంచెం అరగదీయడమే మేలు.

ఛాసిస్ మీద పగుళ్ళు

ఎండిన చెరువు నెర్రెల్లా సన్నటి పగుళ్ళు, లోహం ఉబ్బినట్టు కనిపిస్తే అది మజాక్ తెగులు. మజాక్ అనే జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిసినందువల్ల వస్తుంది. 1938లో మొదలైన హార్న్‌బీ డబ్లో అనే ఇంకో బ్రిటిష్ బొమ్మరైళ్ళ శ్రేణిలో యుద్ధానికి ముందువి కొనేటప్పుడు దీన్ని ముఖ్యంగా చూసుకోవాలి. దీనికి మందు లేదు. జిగురు పెట్టినా ఉబ్బడం ఆగదు. మోటారు, చక్రాలు ఊడదీసి దాచుకుని, వేరే ఛాసిస్ వెతుక్కోండి.