అడవి పార్కుల్లో జపనీస్ స్టిల్ట్‌గ్రాస్‌ను ఎలా వదిలించాలి?

వర్జీనియా, మేరీలాండ్, న్యూజెర్సీల్లో ఉండే మనవాళ్లు ట్రెయిళ్ల పక్కన చెట్ల నీడలో మోకాలెత్తున పరుచుకున్న లేతాకుపచ్చ గడ్డిని చూసే ఉంటారు. అదే స్టిల్ట్‌గ్రాస్. ఆసియా నుంచి పింగాణీ సామాన్ల ప్యాకింగ్‌లో వచ్చిందంటారు. అమెరికాలో దీన్ని మొదట గుర్తించింది 1919లో, టెనెసీలోని నాక్స్‌విల్‌లో. జింకలు దీని జోలికి దాదాపు రావు. పక్కనున్న స్థానిక మొక్కల్ని మేసి దీనికే చోటు చేసిపెడతాయి.

ముందు పార్కువాళ్ల అనుమతి తీసుకోండి. వాలంటీర్లతో కలుపు తీయించే రోజులు ఉంటే వాళ్లే చెబుతారు. ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపుకోండి. అక్కడ పిడుదులు ఉంటాయి, లైమ్ జబ్బు వాటి కాటుతోనే వస్తుంది.

గుర్తుపట్టడంలో తొందర వద్దు. ఆకు మీద వెండి రంగు ఈనె మెరుస్తూ, సరిగ్గా మధ్యన కాకుండా కాస్త పక్కకు జరిగి ఉంటుంది. దీన్నే పోలిన వైట్‌గ్రాస్ అక్కడి సొంత గడ్డి, దాన్ని పీకకూడదు. దానికి ఆ మెరుపు ఉండదు. కణుపు దగ్గర వేలితో తడిమితే నూగు తగులుతుంది. స్టిల్ట్‌గ్రాస్ కణుపు నున్నగా ఉంటుంది.

ఇక అదను. ఇది ఒక్క ఏడాది బతికే గడ్డి, గింజ రాలనివ్వకపోతే దాని పని అయిపోయినట్టే. ఆగస్టు నుంచి సెప్టెంబరు మొదటి వారాల్లోపు, గింజ పట్టకముందే పీకాలి. మరీ ముందు కోస్తే మళ్లీ చిగురించి, పొట్టిగా ఉండగానే వెన్ను తీస్తుంది. వాన పడ్డ మర్నాడైతే వేళ్లతో సహా ఇట్టే ఊడి వస్తుంది.

అందరూ చిక్కటి గుబురు మీద పడతారు. నన్నడిగితే అది దండగ. మంచి అడవిలోకి పల్చగా పాకుతున్న అంచు దగ్గర మొదలుపెట్టి, గుబురు వైపు వెనక్కి రండి. గుబురును పూత సమయంలో ట్రిమ్మర్‌తో నేలబారుగా కోయడమే నయం. మందు కొట్టే పని పార్కు సిబ్బందికి వదిలేయండి.

గింజ పట్టని గడ్డిని వేళ్లు పైకి పెట్టి అక్కడే కుప్ప వేయొచ్చు. పట్టిందనిపిస్తే సంచుల్లో కట్టి చెత్తకే పంపండి, కంపోస్టులో వేయొద్దు. పాత గింజలు మట్టిలో 3 నుంచి 5 ఏళ్లు బతికే ఉంటాయి కాబట్టి అదే చోటికి ఏటా వెళ్లాల్సిందే. కారెక్కే ముందు బూట్ల అడుగు బ్రష్‌తో దులపండి, లేదంటే గింజలు మీతోపాటే ఇంకో ట్రెయిల్‌కు వెళ్తాయి.