వీర్యపరీక్ష శాంపిల్ ఇంటి నుంచి తీసుకెళ్తున్నారా?

సోమవారం పొద్దున్నే బెంగళూరులో మారతహళ్లి నుంచి జయనగర్ ల్యాబుకి డబ్బాతో బయలుదేరేవాళ్ల కోసం.

• అన్నిటికన్నా ముందు టైమ్. శాంపిల్ తీసిన అరగంటలో, మహా అయితే గంటలోపు ల్యాబువాళ్ల చేతికి అందాలి. ఆలస్యమైతే వీర్యకణాల కదలిక తగ్గిపోయి, లేని లోపం రిపోర్టులోకి ఎక్కుతుంది. సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుంటే అంతే సంగతులు. నన్నడిగితే ల్యాబులోనే గది అడగడం మేలు, సిగ్గు పది నిమిషాలే.

• ఫ్రిజ్, ఐస్, బండి డిక్కీ వద్దు. 20 నుంచి 37 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి మూత బిగించి చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. ‘ఐదు రోజులు బతుకుతాయటగా’ అంటారు. అది స్త్రీ శరీరం లోపలి మాట, డబ్బాలో కాదు.

• మామూలు కండోమ్, సబ్బు, నూనె, ఉమ్మి తగలకూడదు. కణాలు దెబ్బతింటాయి.

• మొదటి చుక్కలు కింద పడ్డాయా? దాచకుండా చెప్పండి. కణాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే.

• చివరిసారి వీర్యం బయటికి వచ్చిన రోజుకీ, శాంపిల్ ఇచ్చే రోజుకీ మధ్య 2 నుంచి 7 రోజుల ఎడం ఉండాలి.

• గత రెండు మూడు నెలల్లో గట్టి జ్వరం వస్తే డాక్టరుకి చెప్పండి, దాని ప్రభావం ఇప్పుడు కనిపించొచ్చు.