మంచు ప్రాంతాల్లో గుర్రం: చలికాలపు పోషణ, స్వారీ

హైదరాబాదులో స్వారీ నేర్చుకుని, ఆ తర్వాత అమెరికాలోని మినసోటాలోనో కెనడాలోని ఆల్బెర్టాలోనో స్థిరపడి సొంతంగా గుర్రాన్ని పెంచుకునేవారికి మొదటి మంచు కురవగానే లాయం తలుపులు బిగించి, గుర్రం మీద మందపాటి దుప్పటి కప్పేయాలనిపించడం సహజం. కానీ ఆ రెండింటికన్నా నీరు, ఎండుగడ్డి ముఖ్యం. పొద్దు తగ్గుతున్న కొద్దీ గుర్రానికి చలికాలపు బొచ్చు పెరుగుతుంది. ఆ బొచ్చు నిండుగా ఉన్న ఆరోగ్యవంతమైన గుర్రం, ఒళ్లు తడవకుండా, ఈదురుగాలి తగలకుండా ఉంటే, సుమారు మైనస్ 8 డిగ్రీల సెల్సియస్ వరకు పెద్దగా ఇబ్బంది పడదు. తడిస్తే మాత్రం వెంట్రుకలు ఒంటికి అంటుకుపోయి, వాటి మధ్య నిలిచే వెచ్చని గాలి పోతుంది. అందుకే గాలివానను అడ్డుకునే, మూడు వైపులా గోడలున్న పాక చాలా గుర్రాలకు సరిపోతుంది. ముసలివాటికి, బక్కచిక్కినవాటికి, బొచ్చు కత్తిరించినవాటికి, వెచ్చని ప్రాంతం నుంచి కొత్తగా వచ్చినవాటికి నీరు దిగని దుప్పటి అవసరం. దాన్ని రోజూ ఒకసారి తీసి, మూపు దగ్గర, భుజాల దగ్గర ఒరుసుకుపోయిందేమో చూడాలి.

500 కిలోల గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీరు తాగుతుంది. నీరు మరీ చల్లబడితే తాగడం తగ్గిస్తుంది, పచ్చిక లేనందువల్ల మేతలోని తేమ కూడా అందదు. దాంతో పేగుల్లో మేత గట్టిపడి అడ్డుపడుతుంది. చలికాలపు కడుపునొప్పికి ఇది ముఖ్యమైన కారణం. మంచు తింటుందిలే అని ఊరుకోవడం ఎంతమాత్రం తగదు. తొట్టిలో హీటరు పెట్టి, గోరువెచ్చగా కాకపోయినా కనీసం గడ్డకట్టకుండా చూడాలి. తొట్టి నిండుగా ఉన్నా గుర్రం మూతి ఆనించి చటుక్కున వెనక్కి తగ్గుతుంటే, హీటరు నుంచి నీటిలోకి కరెంటు వస్తోందని అనుమానించి, వెంటనే స్విచ్ తీసేసి ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. రోజూ 30 గ్రాముల ఉప్పు దాణాలో కలిపితే దాహం వేస్తుంది.

ఉలవలు వేడి చేస్తాయని మన పెద్దలు అంటారు కనుక, చలి పెరగగానే దాణా పెంచాలని తోస్తుంది. నిజానికి గుర్రాన్ని లోపలి నుంచి వెచ్చగా ఉంచేది ఎండుగడ్డే. దాని పీచు పెద్దపేగులో పులిసేటప్పుడు గంటల తరబడి వేడి పుడుతూనే ఉంటుంది. శరీర బరువులో 2 శాతం, అంటే ఈ గుర్రానికి రోజుకు 10 కిలోలు వేసి, చలి ముదిరిన రోజుల్లో ఇంకో కిలో రెండు కిలోలు కలపాలి. రాత్రి మేత ధారాళంగా ఉండాలి. బొచ్చు కింద చిక్కిపోవడం కంటికి కనిపించదు కాబట్టి, వారానికోసారి పక్కటెముకల మీద అరచేయి ఆనించి చూడాలి. గుర్రం ఒంటి పుష్టిని అంచనా వేయడానికి టెక్సాస్‌లో 1983లో రూపొందిన హెన్నెకె కొలమానంలో 1 (బాగా చిక్కినది) నుంచి 9 (బాగా కొవ్వుపట్టినది) వరకు అంకెలుంటాయి. వాటిలో 5 లేదా 6 దగ్గర ఉంచితే చాలు. లాయం కిటికీలు మూసేస్తే మూత్రపు ఘాటు ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది కాబట్టి, పైభాగంలో గాలి ఆడనివ్వాలి.

గిట్టలు చలికాలంలో నెమ్మదిగా పెరిగినా, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించక తప్పదు. లాడాలున్న గిట్టల్లో మంచు ఉండలు కట్టి, గుర్రం ఎత్తుమడమల చెప్పులు వేసుకున్నట్టు తూలుతుంది. తక్కువ పని చేసే గుర్రానికి లాడాలు తీయించడం మేలు. స్వారీ సాగించేవారు మంచు పట్టని ప్యాడ్లు, జారకుండా పట్టునిచ్చే మేకులు వేయించుకోవాలి.

స్వారీకి ముందు కళ్లెపు కడ్డీని చేతుల్లో కాసేపు పట్టుకుని వెచ్చబెట్టాలి. గడ్డకట్టిన ఇనుము నాలుకకు తగిలితే గుర్రానికి బాధే కాక, మరునాడు కళ్లెం చూడగానే తల ఎత్తేయడం అలవాటవుతుంది. మొదటి 15–20 నిమిషాలు నడకతోనే సాగించి, కండరాలు సడలాక ట్రాట్ అనే నెమ్మది పరుగులోకి వెళ్లాలి. మెత్తని, లోతు తెలిసిన మంచు మీద నిదానంగా పోవచ్చు కానీ, మోకాలు దాటిన మంచు కాళ్ల స్నాయువులను (కండరాలను ఎముకలకు కలిపే పట్టీలను) బెణికిస్తుంది. గట్టిపడిన నేల గిట్టలకు దెబ్బ. నల్లగా మెరిసే ఐసు కనిపిస్తే దిగి, చుట్టూ తిరిగి వెళ్లడమే మంచిది. చెమట పట్టేదాకా తోలకూడదు. ఒకవేళ పడితే ఉన్ని గుడ్డ కప్పి నడిపిస్తూ, అది తడిసినప్పుడల్లా మార్చాలి. జీను కింద, చెవుల మొదట్లో, ముంగాళ్ల వెనక వెంట్రుకల్లోకి వేళ్లు పెట్టినప్పుడు చర్మం దాకా పొడిగా తగిలిన తర్వాతే దుప్పటి వేసి బయటికి వదలాలి.