ఈ-రీడర్‌కు సరైన అట్టను ఎంచుకోవడం ఎలా

ఈ-పుస్తకాలు చదువుకునే పరికరమైన ఈ-రీడర్ తెర ఎందుకు పగులుతుందో తెలిస్తే, దానికి ఎలాంటి అట్ట (కవర్) కావాలో సగం తెలిసినట్టే. చాలా నమూనాలలో కాగితంలా కనిపించే ఈ-ఇంక్ పొర కింద పలుచని గాజు పలక ఉంటుంది. చేయి జారి కింద పడినప్పుడే కాదు, సంచిలో గట్టి వస్తువేదైనా ఒకేచోట నొక్కుకున్నప్పుడు కూడా అది చిట్లుతుంది. అప్పుడు పైన ఒక్క గీత కూడా కనిపించకపోవచ్చు; తెరలో కొంత భాగం మాత్రం పాత పేజీతోనే శాశ్వతంగా నిలిచిపోతుంది. చెన్నైలో తాంబరం నుంచి బీచ్ స్టేషన్‌కు వెళ్లే లోకల్ రైలులో, రద్దీకి సంచిని గుండెలకు హత్తుకుని నిలబడిన ఒక ఉదయం, టిఫిన్ డబ్బా అంచు ఒత్తుకుని నా మొదటి ఈ-రీడర్ అలాగే పాడైంది. దానికి అప్పుడు మెత్తటి గుడ్డ పౌచ్ తప్ప మరే రక్షణా లేదు.

అందుకే అట్టలో మొదట పరీక్షించవలసినది తెరను కప్పే రేకును, అంటే తెరిచి మూసే ముందు భాగాన్ని. దానిని మూసి, నడుమ బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. వేలి కింద అది సొట్టపడి తెరను తాకుతున్నట్టు అనిపిస్తే, ఎంత అందంగా ఉన్నా ఆ అట్టను వదిలేయడం మేలు. లోపల గట్టి పలక, తెర వైపు మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ ఉన్నదే తీసుకోవాలి. నిలబెట్టుకోవడానికి వీలుగా అనేక మడతలతో చేసిన ఓరిగామి రకం అట్టలు బల్ల మీద సౌకర్యంగానే ఉంటాయి కానీ, ప్రతి మడత దగ్గరా పలక తెగి ఉంటుంది కాబట్టి రోజూ రద్దీలో ప్రయాణించేవారికి నేను వాటిని సూచించను.

కొలత విషయంలో తెర పరిమాణాన్ని మాత్రమే నమ్మకూడదు. అమెజాన్ ఈ-రీడర్లలో 2018 నాటి కిండిల్ పేపర్‌వైట్‌కూ, 2022 నాటి సాధారణ కిండిల్‌కూ తెర 6 అంగుళాలే. కానీ మొదటిది సుమారు 167 మిల్లీమీటర్ల పొడవు, రెండవది సుమారు 158 మిల్లీమీటర్లు కావడంతో ఒకదాని అట్ట మరొకదానికి సరిపోదు. పేపర్‌వైట్ తెర 2021లో 6.8 అంగుళాలకు, 2024లో 7 అంగుళాలకు పెరిగింది. సెట్టింగ్స్‌లో మీ పరికరం ఏ తరానిదో చూసుకుని, అదే తరం పేరు స్పష్టంగా రాసి ఉన్న అట్టనే కొనండి. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ వంటి చోట కొనేటట్లయితే పరికరాన్ని వెంట తీసుకువెళ్లి, తొడిగి, ఛార్జింగ్ రంధ్రమూ పవర్ బటనూ అడ్డం లేకుండా అందుతున్నాయో లేదో అక్కడే చూసుకోవచ్చు.

ఇక చెన్నై వాతావరణం. పీయూ లెదర్ అని అమ్మే అట్టలపై ఉండే పాలియురేథేన్ పూత గాలిలోని తేమకు క్రమంగా విచ్ఛిన్నమై పొలుసులుగా రాలుతుంది. ఈ ఉక్కపోతలో అరచేతి చెమట కూడా దానికి తోడవుతుంది. అసలైన తోలు అంతకంటే మన్నుతుంది కానీ, ఈశాన్య రుతుపవనాల నెలల్లో బీరువాలో మూసి ఉంచితే బూజు పడుతుంది. వెనుక వైపు టీపీయూ అనే వంగే గుణమున్న ప్లాస్టిక్, ముందు కాన్వాసు వంటి నేతగుడ్డ ఉన్న అట్టే ఈ ఊరికి తగినదని నా అభిప్రాయం. మెరీనాకు తీసుకువెళ్లే అలవాటుంటే, రేకు మూసే ముందు ఇసుక రేణువులను దులపడం మరువకండి, ఎందుకంటే లోపల చిక్కిన ఒక్క రేణువు చాలు తెరను గీరడానికి.

రేకు మూయగానే తెర నిద్రలోకి వెళ్లి, తెరవగానే మేల్కొంటుంటే, అందుకోసం రేకులో అమర్చిన అయస్కాంతం సరైన చోట ఉన్నట్టు. రేకును వెనక్కి మడిచి చదువుతున్నప్పుడు కూడా ఒకసారి గమనించండి, కొన్ని అట్టలలో ఆ స్థితిలోనూ తెర ఆగిపోతుంది. బరువునూ చూడాలి: 2021 పేపర్‌వైట్ 205 గ్రాములు మాత్రమే, పడుకుని ఒంటిచేత్తో చదివేవారికి దానిపై పెరిగే ప్రతి గ్రామూ మణికట్టుకు తెలుస్తుంది.

వానలో తడిస్తే, పరికరం నీటిని తట్టుకునేదైనా సరే, అట్టను వెంటనే విప్పి రెండింటినీ విడివిడిగా ఆరబెట్టండి. ఛార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరేవరకు కేబుల్ పెట్టవద్దు.